సీమ జీవితం రాయాలంటే: జ్ఞాపకాల పుస్తకానికి అంతస్సూత్రం, నిర్మాణం

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, బెంగళూరుకో కువైట్‌కో వెళ్లి తిరిగొచ్చినవాళ్లు చాలామంది ఎప్పుడో ఒకప్పుడు తమ జీవితం రాయాలనుకుంటారు. ఒక లాంగ్ నోటుబుక్కు కొంటారు. తాతల నాటి ఊరు, పుట్టిన ఇల్లు, బడి, హాస్టలు, ఉద్యోగం, పెళ్లి, పిల్లల చదువులు అన్న వరసలో మొదలుపెడతారు. నలభై యాభై పేజీలయ్యేసరికి చెయ్యి ఆగిపోతుంది. రాయడానికి సంగతులు చాలక ఆగింది కాదు. సంగతులు మరీ ఎక్కువై ఆగింది. దేన్ని ఉంచాలి, దేన్ని వదలాలి అని తేల్చే కొలత చేతిలో లేనప్పుడు మేనమామ పెళ్లి, పదో తరగతి మార్కులు, ఉద్యోగంలో మొదటి బదిలీ అన్నీ ఒకే బరువుతో కనిపిస్తాయి. ఆ కొలతనే ఇక్కడ అంతస్సూత్రం అంటున్నాం. నిర్మాణం దాని వెనకే వస్తుంది.

ఊరి సంగతులన్నీ పోగేసి రాసే పద్ధతి ఈ ప్రాంతానికి కొత్తది కాదు. 19వ శతాబ్దం మొదట్లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ కోసం ఆయన సహాయకులు దత్తమండలాల్లో, అంటే నేటి రాయలసీమ ప్రాంతంలో, ఊరూరూ తిరిగి స్థానిక చరిత్రలు రాయించారు. వాటినే కైఫీయతులంటారు. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫీయతుల్ని సంపుటాలుగా అచ్చువేసింది. ఊరికి ఆ పేరెలా వచ్చింది, గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ మాన్యం ఎవరిది, అధికారం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారింది అన్నవి వాటిలో దొరుకుతాయి. ఏదీ వదలకుండా రాయడమే కైఫీయతు బలం, అందుకే చరిత్రకారులకి అది అంత విలువైనది. కానీ తమ జీవితం రాయబోయేవాళ్లు తెలియకుండానే తమకు తాము ఒక కైఫీయతు రాసుకుంటారు. ఇంట్లోవాళ్లకి అది పనికొస్తుంది, దాచిపెట్టుకోవలసిందే. బయటి పాఠకుడు మాత్రం పది పేజీల తర్వాత ఇదంతా తనకెందుకు చెబుతున్నారని వెతుక్కుంటాడు.

అదే కడపలో దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1820లో ఉద్యోగం మీద కడపకి వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, ముసలితనంలో తన సాహిత్య జీవితం గురించి ఒక చిన్న వృత్తాంతం రాసుకున్నాడు. కుంఫిణీ కొలువులో అన్నేళ్లు గడిపిన మనిషికి చెప్పుకోవడానికి కచేరీలు, బదిలీలు, తగాదాలు, అధికారుల కథలు ఎన్నో ఉంటాయి. ఆయన పట్టుకున్నది తెలుగుతో తన సంబంధాన్ని. తాళపత్రాలు, వేమన పద్యాలు, పండితులతో పని, నిఘంటువు. ఆ సంబంధాన్ని తాకిన సంగతికే అక్కడ ప్రధాన స్థానం. జీవితం మొత్తం రాయకుండా జీవితంలో ఒక పోగు పట్టుకుని చివరిదాకా లాగడమంటే అదే.

సీమ రచయితకి ఇక్కడొక ప్రత్యేకమైన చిక్కుంది. కరువు, వలస, ముంపు, ఫ్యాక్షన్, వరద అని కొన్ని విషయాలు తయారుగా కళ్ల ముందే ఉంటాయి. ఏదో ఒకటి తీసుకుని ‘మా కరువు బతుకు’ అని మొదలుపెడితే అంతస్సూత్రం దొరికినట్టే అనిపిస్తుంది. కానీ కరువన్నది విషయం మాత్రమే. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలు నగరాన్ని ముంచినప్పుడు మిద్దెల మీద రాత్రులు గడిపినవాళ్లు ఎందరో ఉన్నారు. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయి, కరెంటు ఎప్పుడు పోయింది, బురద ఎన్నాళ్లు ఎత్తిపోశారు అన్నది అందరిదీ దాదాపు ఒకే కథ. ఆ వరద గురించి ఒక మనిషే రాయగలిగిన పుస్తకం ఒకటుంటుంది. కింది వాటాలో ఉన్న అద్దె కుటుంబాన్ని ఆ రాత్రి పైకి పిలవడానికి ఇంటి యజమాని ఎందుకు ఆలస్యం చేశాడు? ఆ ఆలస్యాన్ని అతని కొడుకు ఇన్నేళ్లూ ఎలా మోశాడు? విషయం వరదే. అంతస్సూత్రం మాత్రం ఆ ఆలస్యం. దాన్ని పట్టుకున్న క్షణం నుంచి వరదకి ముందు ఆ రెండు కుటుంబాల మధ్య నడిచిన చిన్న చిన్న సంగతులు, అంటే నీళ్ల మోటారు దగ్గర మాటలు, పండక్కి పంపిన ఓళిగలు, అద్దె పెంచిన నెల, అన్నీ పనికొచ్చే సంగతులవుతాయి. మిగతా వరద వార్తలు నాలుగు వాక్యాల్లో సర్దుకుంటాయి.

అంతస్సూత్రాన్ని ఒక ప్రశ్నగా రాసుకోవడం అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి. ‘మా నాన్న గొప్ప మనిషి’ అన్నది తీర్పు. తీర్పుతో మొదలైన పుస్తకం దానికి సాక్ష్యాలు పోగేస్తూ సన్మానపత్రంలా తయారవుతుంది. ‘అందరికీ అప్పిచ్చిన మా నాన్న సొంత తమ్ముడికి ఎందుకు ఇవ్వలేదు’ అన్నది ప్రశ్న. రాసేవాడికి జవాబు ముందే తెలియని ప్రశ్న అయితే ఇంకా మంచిది. వెతుకులాట ఉన్నచోట పాఠకుడు వెంట నడుస్తాడు.

ఆ ప్రశ్న కూర్చుని ఆలోచిస్తే దొరకదు, రాస్తుంటే దొరుకుతుంది. వరస పెట్టుకోకుండా, ఒక్కో జ్ఞాపకాన్ని ఒక్కో విడి కాగితం మీద అర పేజీకి మించకుండా రాస్తూ పోవాలి. ముప్ఫై నలభై కాగితాలయ్యాక వాటిని మంచం మీద పరుచుకుని చదవాలి. పెద్ద సంఘటనల్ని పక్కనపెట్టి చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఏ ప్రాముఖ్యమూ లేకుండా మళ్లీ మళ్లీ వచ్చే వస్తువు ఒకటి ఉంటుంది. సంఘటన చిన్నదైనా రంగులు, వాసనలు విపరీతంగా గుర్తున్న చోటు ఉంటుంది. ‘తర్వాత అంతా మామూలే’ అని రెండు ముక్కల్లో దాటేసిన చోట చాలాసార్లు అసలు కథ ఉంటుంది. ఎవరూ అడగకుండానే సంజాయిషీ చెప్పుకున్న చోటు కూడా అలాంటిదే.

ఊహకి ఒక మనిషిని తీసుకుందాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. ఇళ్లు, కచేరీలు చాలక గుడారాలు వేసి ఆఫీసులు నడిపారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడటంతో రాజధాని హైదరాబాదుకి పోయింది. మద్రాసు నుంచి గుమాస్తా తండ్రితో ఎనిమిదేళ్ల వయసులో కర్నూలుకి వచ్చి, పదకొండేళ్లకి హైదరాబాదుకి వెళ్లిపోయిన పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడై రాస్తున్నాడనుకుందాం. మొదట గుడారాల గురించి, ప్రకాశం పంతులు గారి గురించి, కొండారెడ్డి బురుజు గురించి రాస్తాడు. అవన్నీ పత్రికల్లో కూడా దొరికేవే. విడి కాగితాలు పరిచి చూస్తే ఒక ఇనప ట్రంకుపెట్టె అయిదారు చోట్ల కనిపిస్తుంది. మద్రాసు నుంచి తెచ్చిన ఆ పెట్టెని అమ్మ మూడేళ్లూ పూర్తిగా విప్పలేదు. పండగ చీర కావాలంటే పైనుంచి తీసుకుని మళ్లీ తాళం వేసేది. అక్కడుంది ఆ పుస్తకం. ఎప్పుడు వెళ్లిపోవాల్సి వస్తుందో తెలియని ఇంట్లో పిల్లవాడు స్నేహాలు ఎలా చేశాడు, ఎలా మానుకున్నాడు, ఆ అలవాటు తర్వాతి జీవితంలో ఎక్కడెక్కడ బయటపడింది? రాజధాని కథ దానికి చుట్టూ ఉన్న గోడ మాత్రమే.

ఇలాంటి పుస్తకంలో ‘నేను’ ఎప్పుడూ ఇద్దరు. ట్రంకుపెట్టెని చూసినవాడు ఎనిమిదేళ్లవాడు. దాని అర్థం వెతుకుతున్నవాడు ముసలివాడు. ఇద్దర్నీ కలిపేస్తే పిల్లవాడి నోట్లో పెద్ద మాటలు వస్తాయి, నమ్మబుద్ధి కాదు. మొత్తం పిల్లవాడికే వదిలేస్తే సంఘటనలు మిగులుతాయి, వాటి మీద వెలుగు పడదు. సన్నివేశం పిల్లవాడి కంటితో, ఆలోచన పెద్దవాడి గొంతుతో నడిస్తే చాలావరకు సమస్య తీరుతుంది. రెండింటి మధ్య దూరం ఎంత ఉంటే అంతస్సూత్రానికి అంత చోటు.

ఇక నిర్మాణం. పుట్టుక నుంచి నేటి దాకా కాలక్రమంలో రాయడం అందరికీ మొదట తోచే దారి. అది చెడ్డ దారి కాదు. ప్రశ్న వయసుతోపాటు పెరుగుతుంటే కాలక్రమమే నయం. ఉదాహరణకి రాయచోటి వైపు ఒక అమ్మాయి తండ్రి కువైట్‌లో ఉన్నాడు. ఆమెకి నాలుగేళ్లప్పుడు ఒకలా, పద్నాలుగేళ్లప్పుడు ఇంకోలా, పెళ్లినాటికి మరోలా అర్థమైన తండ్రి ఆయన. టేపులో రికార్డు చేసి పంపిన గొంతు, ఎస్టీడీ బూత్ దగ్గర ఎదురుచూపులు, రెండేళ్లకోసారి సెలవు, వీడియో కాల్, చివరికి శాశ్వతంగా తిరిగొచ్చి ఇంట్లో కొత్తవాడిలా కూర్చున్న మనిషి. ఈ కథని ముందుకీ వెనక్కీ తిప్పితే చెడుతుంది. వరసగా చెప్పాల్సిందే.

కాలక్రమం చాలని కథలు వేరే ఉంటాయి. అనంతపురం జిల్లా సంగతే చూద్దాం. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని వాన. చెనిక్కాయ (వేరుశనగ) పంట మీద ఆధారపడిన కుటుంబాలు. బావులు ఎండాక బోర్లు వచ్చాయి. ఒక బోరు ఎండితే ఇంకొకటి, అది పడకపోతే మరొకటి. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషి తన జీవితాన్ని బోర్ల వరసలో రాయవచ్చు. ఒక్కో అధ్యాయానికి ఒక్కో బోరు, దాని లోతే దాని పేరు: 180 అడుగులు, 240 అడుగులు, 410 అడుగులు. ఒక్కో బోరు వెనక ఒక లోకం ఉంటుంది. నీళ్లు చూసే మనిషి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేలో నడుస్తాడు. అది లేచి నిలబడ్డ చోట గుర్తు పెడతారు. బోరు బండి రాత్రిపూట వస్తుంది. తమిళనాడు నుంచి వచ్చిన పనివాళ్లకి ఇంట్లో వంట చేస్తారు. రిగ్గు మొదలయ్యాక ఊరికూరికే వచ్చి నిలబడేవాళ్లు, సలహాలు చెప్పేవాళ్లు. తెల్లటి దుమ్ము లేస్తున్నంతసేపు ఎవరూ మాట్లాడరు. ‘తడి తగిలిండాది’ అని ఎవరో అనగానే ముఖాలు మారిపోతాయి. కాసేపటికి మళ్లీ దుమ్మే. ఇంకో యాభై అడుగులు పోదామా వద్దా అన్నది ఆ రాత్రి నిర్ణయం, అడుగుకింతని లెక్క. ‘ఈ తూరి పడకపోతే ఏం జేస్తావ్?’ అని అమ్మ అడిగితే ‘పడతాదిలే’ అంటాడు నాన్న. తర్వాతి బోరు దగ్గర అదే ప్రశ్న ఆమె అడగదు. ఆ అడగకపోవడం పుస్తకంలో పెద్ద మలుపు.

ఈ నిర్మాణం చేసే మేలు ఏమిటంటే, వదలాల్సింది దానంతటదే తేలిపోతుంది. కథకుడి డిగ్రీ చదువు, ఉద్యోగం, పెళ్లి ఏదైనా బోరుని తాకితేనే లోపలికి వస్తాయి. కాలేజీ ఫీజు డబ్బు మూడో బోరులోకి పోయిందా, వస్తుంది. ఉద్యోగంలో ప్రమోషన్ దేనినీ తాకలేదా, రాదు. ఇంకో మేలు కూడా ఉంది. ఆరేళ్లపాటు ఒక్క బోరూ వేయని కాలం ఉంటే, మామూలు ఆత్మకథలో అది ఖాళీ. ఇక్కడ అది పాఠకుడు ఆగి ఆలోచించే అధ్యాయం: నాన్న ఎందుకు ఆగాడు, మళ్లీ ఎందుకు మొదలుపెట్టాడు? ప్రశ్న ‘నాన్న ఎందుకు ఆపలేకపోయాడు’ అయినప్పుడు నిర్మాణంలోని ఖాళీ కూడా మాట్లాడుతుంది.

శ్రీశైలం ప్రాజెక్టు ముంపు కథలకి మరో నిర్మాణం సహజంగా సరిపోతుంది. 1980ల మొదట్లో జలాశయం నిండేనాటికి ఉమ్మడి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు ఖాళీ అయ్యాయి. కృష్ణా తీరంలోని సంగమేశ్వరాలయం కూడా ఆ ముంపులోదే. నీటిమట్టం బాగా తగ్గిన ఎండాకాలంలో బయటపడుతుంది, వరదొస్తే మళ్లీ మునుగుతుంది. పూర్తి మట్టం 885 అడుగులన్న అంకె ఆ ప్రాంతంలో చదువురానివాళ్లకి కూడా తెలుసు. 1986లో వచ్చిన 98వ జీవో ప్రకారం ఇంటికొక ఉద్యోగం కోసం నిర్వాసితుల కుటుంబాలు ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకున్నాయి. ఇలాంటి ఇంటి నుంచి వచ్చిన మనిషికి రెండు పాయల నిర్మాణం బాగుంటుంది. ఒక పాయ ఊళ్లో చివరి ఏడాది. రెండోది ఆ తర్వాతి అర్జీల కాలం: నోటీసు, పరిహారం రసీదు, రేషన్ కార్డు నకలు, కలెక్టరేట్‌లో తీసుకున్న ముద్ర. ఇంట్లో బీరువాలో ఉన్న కాగితాలే అధ్యాయాల వరస అవుతాయి.

రెండు పాయలు అనగానే చాలామంది చేసే పొరపాటు, ఒక అధ్యాయం అప్పుడు, ఒక అధ్యాయం ఇప్పుడు అని యాంత్రికంగా తిప్పడం. ఒక పాయలో రేగిన సందేహం రెండో పాయలోకి తోసుకురావాలి. ఊరి పాయలో తల్లి చింతచెట్టు కింద బంధువుతో పొలం హద్దు గురించి గొడవపడిందనుకుందాం. తర్వాతి అధ్యాయంలో పరిహారం రసీదు మీద ఆ హద్దు ఎలా నమోదైందో, దానివల్ల ఎవరి పేరు జాబితాలోకి ఎక్కిందో బయటపడితే పాయ మారడానికి కారణం ఉన్నట్టు. చాలాసార్లు ఊరి పాయ పచ్చగా, అర్జీల పాయ ఎండుగా తయారవుతుంది. రెండోదాంట్లో కూడా మనుషులు, బస్టాండు, క్యారియరు అన్నం, ప్యూన్ మాట, లైన్లో పరిచయమై ఇరవై ఏళ్లు స్నేహితుడిగా మిగిలినవాడు ఉండాలి. అవి దొరకకపోతే రెండు పాయలు వదిలేసి ఒక్క పాయతో రాయడమే మేలు.

ప్రయాణం ఉన్నచోట నిర్మాణం చేతికి అందివస్తుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా వెళ్లినప్పుడు దారే ఆయన రచనకి వరస ఇచ్చింది. అనంతపురం జిల్లాలో పుట్టిన తిరుమల రామచంద్ర ఆత్మకథకి ‘హంపీ నుంచి హరప్పా దాకా’ అన్న పేరులోనే దారి ఉంది. ఉద్యోగాల బదిలీలు, వలసలు ఉన్న జీవితాలకి ఊళ్ల వరస సులువైన దారి. ఆ ఊళ్లని ఒకదానికొకటి కట్టే ప్రశ్న లేకపోతే మాత్రం అది ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ల ఫైలే అవుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. పుట్టిన రోజుతో మొదలుపెట్టాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు. ప్రశ్న మొదటిసారి ఒంటికి తగిలిన చోట మొదలుపెడితే చాలు. ముగింపూ అంతే. జీవితం ఇంకా నడుస్తూనే ఉంటుంది కాబట్టి అది ముగింపు ఇవ్వదు. ప్రశ్నతో కథకుడి సంబంధం మారిన చోట పుస్తకం అయిపోయినట్టు. జవాబు దొరికి ఉండవచ్చు, లేదా జవాబు దొరకదని ఒప్పుకోగలిగి ఉండవచ్చు. మనవళ్ల పుట్టినరోజుల దాకా లాక్కురావడం ఇంట్లోవాళ్ల కోసం చేసే మొహమాటం.

తేదీల విషయంలో సీమ ముసలివాళ్ల పద్ధతి వాడుకోవాలి. వాళ్లు ఏళ్లని అంకెలతో చెప్పరు. 1876–78 నాటి కరువు వాళ్లకి ధాతు కరువు. గంజి కరువప్పుడు, డ్యాం నిండినేడు, పెద్ద వరదొచ్చినప్పుడు అని చెబుతారు. వాటిని పత్రికలతో, రికార్డులతో సరిచూసుకుని అంకె పక్కన పెట్టుకోవాలి, కానీ పుస్తకంలో ఆ మాటల్నే ఉంచాలి. ఎందుకంటే ఆ మనుషుల కాలం అలాగే కొలవబడింది. సరిగ్గా గుర్తులేని సంభాషణని ఉన్నదున్నట్టు కొటేషన్లలో పెట్టడం కన్నా ‘ఇలాంటిదేదో అన్నాడని గుర్తు’ అని రాయడం నిజాయితీ. యాసని మాటల్లో ఉంచి కథనాన్ని మామూలు తెలుగులో నడిపితే చదవడం తేలిక. పూర్తిగా సీమ మాటలోనే రాయగల చెయ్యి ఉంటే అదింకా మంచిది. ఫ్యాక్షన్ కుటుంబాల గురించి, ఇంకా బతికున్న బంధువుల గురించి రాసేటప్పుడు పేర్లు, ఊళ్లు మార్చడం పిరికితనమేమీ కాదు. రాసినవాడు మళ్లీ ఆ ఊరికి పోవాలి, ఆ ఊళ్లోవాళ్లు కూడా అక్కడే బతకాలి.

మొదటి ప్రతి పూర్తయ్యాక అంతస్సూత్రం ఇంకోసారి పక్కకి జరగడం మామూలే. అప్పుడు నిర్మాణాన్ని కూడా కదిలించే ధైర్యం కావాలి. బోర్ల పుస్తకాన్నే తీసుకుంటే, రాసినవాడు మొదట నాన్న ఎందుకు ఆపలేకపోయాడని అడిగాడు. ప్రతి మొత్తం చదువుకున్నాక, ప్రతి బోరుకీ ముందు ఒక పేజీ ఉందని గమనిస్తాడు. అమ్మ కమ్మలు, తర్వాత గాజులు, తర్వాత ఆమె పుట్టింటివాళ్లు పెట్టిన సరం బ్యాంకులో కుదువకి పోయిన పేజీ. ఆ పేజీల్లో నాన్న దాదాపు లేడు. సంచిలో గుడ్డ చుట్టుకుని బస్సెక్కి అనంతపురం వెళ్లింది అమ్మే, సంతకం పెట్టింది అమ్మే, రసీదులు బియ్యం డబ్బాలో దాచిందీ అమ్మే. ప్రశ్న మారిపోయింది: ఆమె ఎందుకు ఇస్తూ వచ్చింది, నాలుగో బోరు దగ్గర అడగడం మానేసినప్పుడు లోపల ఏం తేల్చుకుంది? ఇప్పుడు అడుగుల లోతు అధ్యాయాల పేరుగా పనికిరాదు. రసీదుల వరస కావాలి. రిగ్గు రాత్రులు మూడింట రెండు వంతులు తగ్గాలి, వాటిలో ఎంత బాగా రాసినవి ఉన్నా సరే. బ్యాంకు క్యూలు, బస్సు ప్రయాణాలు, మేనమామతో మాట తగ్గిన సంక్రాంతి పెరగాలి. ఆమె బతికుంటే వెళ్లి పక్కన కూర్చుని అడగాలి. లేకపోతే ఆమె చెల్లెల్ని, బ్యాంకుకి తోడెళ్లిన పక్కింటావిడని అడగాలి. రాతలో సగం పని అక్కణ్నుంచి మళ్లీ మొదలవుతుంది.